నర్సింగ్ కాలేజీకి ఎవరిని తీసుకోవాలి: పీహెచ్‌డీ మేడమ్‌నా, వార్డు సిస్టర్‌నా, మన ఊరి అమ్మాయినా?

ఒడిశాలో మా గంజాం వైపు ఏ నర్సింగ్ కాలేజీలోనైనా "బోధన, పరిశోధన రెండూ చేయగల అసిస్టెంట్ ప్రొఫెసర్ కావలెను" అని ప్రకటన పడితే, వచ్చే అప్లికేషన్లు దాదాపు మూడు రకాలుగా ఉంటాయి. ఒకరు విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో పీహెచ్‌డీ పూర్తి చేసి, పదీ పన్నెండు పేపర్లు పట్టుకొచ్చే మేడమ్. ఇంకొకరు ఎమ్మెస్సీ చేసి, పదేళ్లుగా వార్డులోనే పిల్లల్ని వెంటబెట్టుకుని పాఠం చెప్తూ, ఒక్క పేపరూ రాయని సిస్టర్. మూడో మనిషి బరంపురంలోనో పర్లాకిమిడిలోనో పుట్టి, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుతూ పెరిగి, ఎమ్మెస్సీ తర్వాత మూడేళ్లు పాఠం చెప్పిన అమ్మాయి.

నేను ఇరవై ఏళ్లకు పైగా నర్సింగ్ పాఠాలు చెప్పాను. సెలక్షన్ కమిటీల్లో సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గా చాలాసార్లు కూర్చున్నాను. మంచి మనుషుల్ని ఎంచుకున్న సందర్భాలున్నాయి, మంచి మనిషినే ఎంచుకుని పాడుచేసుకున్న సందర్భమూ ఉంది. ఇప్పుడు కమిటీలో కూర్చోబోయే ప్రిన్సిపాళ్లకీ, యాజమాన్యాలకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. అప్లికేషన్ పెట్టబోయే అమ్మాయిలు చదివినా మంచిదే. అవతలి బల్ల దగ్గర ఏం ఆలోచిస్తారో వాళ్లకీ తెలియాలి.

ముందు పోస్టు సంగతి తేల్చుకోండి

మనిషిని ఎంచే ముందు పోస్టులో ఏముందో కాగితం మీద లెక్క వేయండి. ఇది చేయకుండా ఇంటర్వ్యూ పెట్టే కాలేజీలే ఎక్కువ.

2021 నుంచి బీఎస్సీ నర్సింగ్ సెమిస్టర్ పద్ధతిలోకి మారింది కదా. సెమిస్టరంటే 20 వారాలు, వారానికి 40 గంటలు. థియరీలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట. క్లినికల్‌లో, అంటే వార్డు పనిలో, ఒక క్రెడిట్ అంటే వారానికి 4 గంటలు, అంటే సెమిస్టర్‌కి 80 గంటలు. ఇప్పుడు చూడండి. ఒక లెక్చరర్‌కి 3 క్రెడిట్ల థియరీ, 2 క్రెడిట్ల క్లినికల్ ఇచ్చారనుకుందాం. మొత్తం 5 క్రెడిట్లే కదా అని యూనివర్సిటీ ఆఫీసులో అనుకుంటారు. కామర్స్ లెక్చరర్‌కి 5 క్రెడిట్లంటే వారానికి ఐదు గంటలు. నర్సింగ్‌లో అది 11 గంటలు. పిల్లలు రెండు బ్యాచ్‌లై, ఇద్దరు చూడాల్సిన వార్డును ఒక్కరే చూస్తే 19 గంటలు. పొద్దున్న డ్యూటీకి ముందే వార్డు చేరాలి, మధ్యాహ్నం క్లాసు, సాయంత్రం కేస్ షీట్లూ కేర్ ప్లాన్లూ దిద్దాలి. ఇక పరిశోధన చేసేది ఎప్పుడు?

ఆ పాడుచేసుకున్న సందర్భం ఇక్కడిదే. ఒక కాలేజీలో, పేరు అనవసరం, అందరికంటే ఎక్కువ పేపర్లున్న మేడమ్‌ని ఏకగ్రీవంగా ఎంచుకున్నాం. మనిషి మంచిది, చదువరి. చేరిన మొదటి నెలలోనే ఆవిడకి నాలుగు క్లినికల్ బ్యాచ్‌లు అప్పగించారు. పరిశోధనకి అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీకి పెట్టిన కాగితం ఎవరి టేబుల్ మీదో ఆగిపోయింది. పది నెలలకి రాజీనామా ఇచ్చి వెళ్లిపోయింది. వెళ్లే రోజు నాతో, "మేడమ్, నన్ను పరిశోధన కోసం తీసుకున్నారు, రోస్టర్ నింపడానికి వాడుకున్నారు" అంది. ఆ ఎంపికలో నేనూ సంతకం పెట్టాను. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

కాబట్టి ప్రకటనలో "పరిశోధన" అన్న మాట రాసే ముందే వారంలో కనీసం రెండు పూటలు వార్డూ క్లాసూ లేకుండా ఇవ్వగలరా అని తేల్చుకోండి. ఇవ్వలేకపోతే ఆ మాట తీసేయండి. మంచి టీచర్ కావాలని నేరుగా రాయండి. అది తప్పేం కాదు.

కాగితాలు: ఇక్కడ ఎక్కువసేపు అక్కర్లేదు

అర్హత విషయం ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో స్పష్టంగానే ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి ఎమ్మెస్సీ నర్సింగ్, మూడేళ్ల బోధన అనుభవం. పీహెచ్‌డీ ఉంటే మంచిది. పది మంది పిల్లలకి ఒక టీచర్ ఉండాలి. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలోకి తేవడానికి 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు కాబట్టి, పాత ఫైల్లోని నిబంధనల జిరాక్స్ చూసి ప్రకటన ఇవ్వకండి. ఆ నెలలో అమల్లో ఉన్నది చూసుకోండి.

రిజిస్ట్రేషన్ ఒరిజినల్ చూడండి. స్పెషాలిటీ సరిపోయిందో లేదో చూడండి. మెడికల్ సర్జికల్, కమ్యూనిటీ హెల్త్, ఓబీజీ (ప్రసూతి, స్త్రీల జబ్బులు), చైల్డ్ హెల్త్, మెంటల్ హెల్త్ అని ఐదున్నాయి. మెంటల్ హెల్త్ చదివిన మనిషిని తెచ్చి లేబర్ రూమ్‌లో నిలబెట్టడం ఆమెకీ కష్టం, పిల్లలకీ నష్టం. ఇంకో మాట. ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రమే కనిపించే పేర్లు కొన్ని కాలేజీల్లో ఉంటాయని ఈ రంగంలో ఉన్న అందరికీ తెలుసు. అభ్యర్థి చూపించే అనుభవం అలాంటి చోటిదేమో కనుక్కోవడానికి ఒక్క ప్రశ్న చాలు: "అక్కడ మీ పిల్లలు ఏ హాస్పిటల్‌కి పోస్టింగ్‌కి వెళ్లేవారు, ఏ వార్డు, ఎన్ని పడకలు?" నిజంగా వెళ్లిన మనిషి ఆ వార్డు ఎలా ఉంటుందో చెప్పడం మొదలుపెడితే ఆపడం కష్టం.

పీహెచ్‌డీ మేడమ్

థీసిస్ టైటిల్ చదవండి. మన దగ్గర నర్సింగ్ థీసిస్‌లలో ఒక మూస ఉంది. "ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ఫలానా వారి జ్ఞానంపై స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం". మనందరం ఎమ్మెస్సీలో ఎస్టీపీ అని పిలిచేది ఇదే. ముందు ఒక పరీక్ష, తర్వాత పాఠం, వారం తర్వాత మళ్లీ అదే పరీక్ష. మార్కులు పెరుగుతాయి. పాఠం చెప్పి అదే ప్రశ్నపత్రం మళ్లీ ఇస్తే పెరగక ఏం చేస్తాయి? పెరిగిన జ్ఞానంతో ఆ సిస్టర్లు మర్నాడు చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నారు, ఆ తల్లులు బిడ్డకి మొదటి గంటలో పాలు పట్టారా అన్నది ఆ థీసిస్‌లో ఉండదు.

ఇలాంటి టైటిల్ ఉందని ఆమెను తోసేయకండి. గైడ్ చెప్పింది చేయక తప్పని రోజులు మనందరికీ ఉన్నాయి. బదులుగా అడగండి. ఈ ప్రశ్న మీకు ఎక్కడ తట్టింది? శాంపిల్ ఎంత ఉండాలో ఎలా లెక్కించారు? ఎథిక్స్ కమిటీ ఏం మార్చమంది? మీరు అనుకున్నట్టు రాని ఫలితం ఏమిటి? మళ్లీ చేస్తే ఏం మారుస్తారు? చివరి రెండు ప్రశ్నలకి నిజాయితీగా జవాబు చెప్పిన మనిషికి పరిశోధన వచ్చు. "అన్నీ అనుకున్నట్టే వచ్చాయి మేడమ్" అంటే స్టాటిస్టిషియన్‌కి డబ్బులిచ్చి పట్టికలు తెచ్చుకుని ఉండొచ్చు, తన డేటాలోకి తను దిగి ఉండకపోవచ్చు.

పేపర్ల సంఖ్య చూసి మురిసిపోకండి. మంచి పత్రికలివీ అని యూజీసీ పెట్టిన కేర్ జాబితా 2025లో ఆగిపోయింది కాబట్టి, "కేర్ లిస్టెడ్" అన్న మాటను ఇప్పుడు గీటురాయిగా పెట్టుకోలేం. ఏ పత్రిక మంచిదో కాలేజీయే చూసుకోవాలి. నేను చేసే పని ఇది. అభ్యర్థి తన పేపర్లన్నింటిలో ఒక్కటి ఎంచి తెమ్మంటాను. ఆ ఒక్కటీ మొత్తం చదువుతాను. అది పబ్‌మెడ్, స్కోపస్ లాంటి పేపర్ల సూచీల్లో ఉందా, రివ్యూయర్లు ఏం అడిగారు, తన వంతు పని ఏమిటి అని అడుగుతాను. పంపిన వారానికే అచ్చయిన పేపరైతే, ఫీజు కట్టి వేయించుకున్నదేమో అని అనుమానించడం న్యాయమే. నిజంగా తను చేసిన ఒక్క పేపర్, పేరు మాత్రమే ఉన్న పదింటి కంటే ఎక్కువ.

పీహెచ్‌డీ మేడమ్‌ వల్ల వచ్చే పెద్ద లాభం ఆమె పేపర్లు కాదు. పిల్లలకి ఏడో సెమిస్టర్‌లో నర్సింగ్ రీసెర్చ్, స్టాటిస్టిక్స్ ఉంది. చాలా కాలేజీల్లో దాన్ని గైడ్‌బుక్కు బట్టీ పట్టించి ముగిస్తారు. చేసిన మనిషి చెప్తే ఆ సబ్జెక్టుకి ప్రాణం వస్తుంది. మిగతా టీచర్ల పనికి కూడా ఆమె వల్ల ఒక పద్ధతి వస్తుంది. ఆమెకి కావలసింది కూడా ఇవ్వాలి. పూటలు, జర్నళ్లు చూసుకునే సదుపాయం, కదిలే ఎథిక్స్ కమిటీ. అవి లేని చోట ఆమె నిలవదు. నిలవమని అడగడం కూడా న్యాయం కాదు.

వార్డులో ఇరవై నిమిషాలు

క్లాస్‌రూమ్ డెమోని నేను నమ్మడం మానేశాను. పదిహేను నిమిషాల స్లైడ్లు ఎవరైనా బాగా తయారుచేసుకుంటారు. హాస్పిటల్ అనుమతి, రోగి ఒప్పుకోలు తీసుకుని అభ్యర్థుల్ని వార్డుకి పంపండి. మూడో సెమిస్టర్ పిల్లలు ఆరుగురు, ఒక పడక, ఇరవై నిమిషాలు. ఒకసారి ఇలా చేశాం. ఆ రోజు చూసింది చెప్తాను.

మేల్ మెడికల్ వార్డు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయిన ముసలాయన, ఇచ్ఛాపురం అవతలి పల్లె మనిషి. అభ్యర్థులకి ఇచ్చిన అంశం ఒత్తిడి పుండ్లు, అంటే కదలకుండా పడుకుని ఉంటే ఒంటికి పడే పుండ్లు.

పీహెచ్‌డీ మేడమ్ మొదట వెళ్లింది. ఆ పుండ్లు పడే ప్రమాదాన్ని అంచనా వేసే బ్రేడెన్ స్కేల్ చెప్పింది. స్పర్శ తెలియడం, తేమ, తిరగడం, కదలడం, తిండి, రాపిడి, ఈ ఆరు అంశాలు, ఒక్కోదానికి మార్కులు ఎలా వేయాలి, మొత్తం తగ్గేకొద్దీ ప్రమాదం ఎలా పెరుగుతుంది. ఒక్క తప్పు లేదు. పిల్లలు చకచకా రాసుకున్నారు. ఇరవై నిమిషాలూ ఆయన కాళ్ల మీద దుప్పటి అలాగే ఉంది.

తర్వాత వార్డు సిస్టర్. ముందు స్క్రీన్ లాగింది. "తాతా, మీ కాలు పిల్లలకి చూపిస్తాను, సరేనా?" అంది. ఆయన "ఏటి సిస్టరమ్మా, మళ్లీ తిప్పుతారా?" అని నీరసంగా నవ్వాడు. దుప్పటి తీసి, కుడి మడమను అరచేతిలోకి తీసుకుంది. "ఏం కనబడుతోంది?" అంది. పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఏమీ కనబడట్లేదు. "పుస్తకంలో ఎర్రబడుతుంది, నొక్కితే తెల్లబడదు అని ఉంటుంది. తాత ఒంటి రంగు మీద ఎరుపు ఎక్కడ కనిపిస్తుంది? కంటితో చూడకండి, చేత్తో చూడండి" అని ఒక్కొక్క పిల్ల చేతి వెనుక భాగం ఆ మడమకి ఆనించింది. తర్వాత ఎడమ మడమకి. కుడిది వెచ్చగా ఉంది. బొటనవేలితో మెల్లగా తడిమి చూడమంది. కాస్త గట్టిగా ఉంది. ఒక పిల్ల నోరు తెరిచి "అవును మేడమ్" అంది. పిక్క కింద దిండు పెట్టి మడమ గాల్లో తేలేలా చేసి, తాతకి దుప్పటి కప్పి, అప్పుడు స్క్రీన్ తీసింది.

బయటికొచ్చాక అడిగాను. ఇలా కంటికి దొరకనివి ఎన్ని ఉంటాయి? "లెక్క ఎవరూ రాయరు మేడమ్. నేను మాత్రం రెండేళ్లుగా గీతలు పెట్టుకుంటున్నాను" అని బ్యాగులోంచి చిన్న నోట్‌బుక్ తీసింది. పేర్లు లేవు. నెల, వార్డు, మడమా తుంటా, చర్మం చిట్లక ముందు పట్టుకున్నామా, చిట్లాక చూశామా. గీతలు, గీతల మీద అడ్డగీతలు. ఆవిడ సీవీలో పరిశోధన అన్న చోట "లేదు" అని రాసి ఉంది.

ఆ నోట్‌బుక్కును పీహెచ్‌డీ మేడమ్‌కి కూడా చూపించాం, సిస్టర్ అనుమతితోనే. ఆవిడ రెండు నిమిషాలు పేజీలు తిప్పి, "ఇది ఒక్కరే చూసి రాసింది. ఇద్దరు సిస్టర్లు ఒకరికి తెలియకుండా ఒకరు అదే మడమ చూసి రాయాలి, వాళ్లు ఎంతవరకు ఏకీభవించారో కప్పా అనే స్టాటిస్టిక్స్ లెక్క కట్టాలి, అప్పుడు దీనికి బలం వస్తుంది" అంది. ఆ మాట విన్నాక నాకు ఆవిడ మీద గౌరవం రెట్టింపైంది. దుప్పటి తీయలేదన్నది నిజమే. కానీ ఆ గీతల్ని అధ్యయనంగా మలచడం ఆ గదిలో ఆవిడకొక్కదానికే తెలుసు.

నా సలహా అంతా ఇక్కడి నుంచే పుట్టింది. మంచి ప్రశ్న వార్డులో పుడుతుంది. దాన్ని జవాబు దాకా తీసుకెళ్లడానికి పద్ధతి తెలిసిన మనిషి కావాలి. రెండూ ఒక్కరిలోనే ఉంటే ఇక కమిటీతో పనే లేదు. మామూలుగా ఉండవు. కాబట్టి "ఈ ముగ్గురిలో ఎవరు గొప్ప" అని కాకుండా "మా కాలేజీలో ఇప్పుడు ఏది లేదు" అని చూసుకోవాలి.

మన ఊరి అమ్మాయి, మన భాష

బరంపురం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి గంజాం, గజపతి జిల్లాల వాళ్లతో పాటు ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కూడా రోగులొస్తారు. ఇచ్ఛాపురం నుంచి రైలెక్కితే అరగంట పని. ఒకే వార్డులో గోపాల్‌పూర్ తీరంలోని తెలుగు మత్స్యకార కుటుంబం, పక్కన ఒడియా రైతు, ఆ పక్కన పర్లాకిమిడి కొండల నుంచి దిగిన సవర తల్లి. పాఠం ఇంగ్లిష్‌లో, రిజిస్టరు ఇంగ్లిష్‌లో, రోగి బాధ మాత్రం తన భాషలో.

ఇది మర్యాద కోసం చెప్పే సంగతి కాదు, పరిశోధనకి పునాది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎమ్‌ఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం అధ్యయనంలో చేరే మనిషికి అర్థమయ్యే భాషలో సమ్మతి తీసుకోవాలి. ప్రశ్నావళిని అనువదించాలి, ఇంకొకరితో వెనక్కి అనువదింపించి సరిచూడాలి. ఇక్కడే మన ఊరి అమ్మాయి విలువ తెలుస్తుంది.

ఒక అమ్మాయి నాకు ఇలాగే గుర్తుండిపోయింది. ఎమ్మెస్సీలో ఉండగా ఒక సీనియర్ అధ్యయనానికి ఎడిన్‌బరో స్కేల్ నింపే పనిలో చేరింది. బాలింతల్లో దిగులును పసిగట్టడానికి 1987లో తయారైన పది ప్రశ్నల స్కేల్ అది. గడిచిన ఏడు రోజుల్లో ఎలా అనిపించిందో అడుగుతుంది. తెలుగు ఫారంలో ఒకచోట "విషాదంగా, దయనీయంగా" అని ఉంది. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చిన బాలింత ఆ మాట విని అత్తగారి వంక చూసింది. అత్తగారు "ఏటా మాట?" అంది. అక్కడ ఎవరైనా చేసే పని, అప్పటికప్పుడు "బెంగగా ఉందా అమ్మా?" అని మార్చి అడిగేయడం. ఈ అమ్మాయి అలా చేయలేదు. ఫారంలో ఉన్నట్టే మళ్లీ చదివి, జవాబు రాసుకుని, పక్కన మార్జిన్‌లో "ఈ మాట అర్థం కాలేదు, వీళ్లు బెంగ అంటారు" అని రాసింది. సాయంత్రానికి అలాంటివి నాలుగు పోగయ్యాయి. ఫారమే మార్చి, మళ్లీ సరిచూసి, మొదటి నుంచి మొదలుపెట్టారు. ఒక్కొక్కరికి ఒక్కోలా అడిగితే ఆ స్కేల్‌కి అర్థం ఉండదని ఆమెకి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఇది భాష రావడం కంటే పెద్ద గుణం.

ఈ రెంటినీ కలిపేయకూడదు కూడా. తెలుగు వచ్చు, ఒడియా వచ్చు, మనవాళ్ల అమ్మాయి అన్నది ఒక్కటే కారణమైతే తీసుకోవద్దు. ఆ పేరు మీద జరిగిన నియామకాలు కాలేజీల్ని ఏళ్లపాటు కుంగదీశాయి. ఆమె మార్జిన్లో ఏం రాస్తుందో చూసి తీసుకోండి. తీసుకుంటే మాత్రం పీహెచ్‌డీ నమోదుకి ఎన్నేళ్ల లోపు పంపుతారు, కోర్సువర్క్‌కి సెలవు ఇస్తారా, గైడ్ ఎవరు అన్నది నియామక ఆర్డర్‌లోనే రాయండి. "ముందు చేరమ్మా, తర్వాత చూద్దాం" అనేవాళ్లు ఆ తర్వాత చూడరు.

బయటి నుంచి వచ్చే మనిషిని భాష రాదని వెంటనే తీసేయకండి. కేరళ నుంచి వచ్చి, ఆరు నెలల్లో ఒడియా, ఏడాదిలో తెలుగు పట్టేసిన టీచర్లను చూశాను. ఇంటర్వ్యూలో "రోగి భాష మీకు రాని చోట ఇదివరకు ఎలా నెట్టుకొచ్చారు?" అని అడగండి. ఆయా సాయం తీసుకున్నాను, ముఖ్యమైన ఇరవై మాటలు రాసుకుని పెట్టుకున్నాను అనే మనిషి నేర్చుకుంటుంది.

ఎవరికి ఎవరు

మీ కాలేజీలో ఒక్క పీహెచ్‌డీ మనిషి కూడా లేకపోతే, ఎమ్మెస్సీ ప్రారంభించే ఆలోచన ఉంటే, పీహెచ్‌డీ మేడమ్‌నే తీసుకోండి. వార్డు చెయ్యి కాస్త తక్కువైనా సరే. మొదటి సెమిస్టర్ వార్డు బాధ్యతను ఒక సీనియర్ సిస్టర్‌తో కలిపి ఇవ్వండి, దుప్పటి తీయడం ఆవిడా నేర్చుకుంటుంది.

ఇప్పటికే పద్ధతి తెలిసిన మనిషి ఒకరుండి, వార్డుతో సంబంధం తెగిపోయిన కాలేజీ అయితే, నోట్‌బుక్ ఉన్న సిస్టర్‌ని తీసుకోండి. మా కమిటీ ఆ రోజు చేసింది ఇదే, ఎందుకంటే అక్కడ డేటా చూడగల వైస్ ప్రిన్సిపాల్ ఉన్నారు. పేపర్లు లేవని ఇద్దరు సభ్యులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. నోట్‌బుక్ బల్ల మీద పెట్టాక ఒకరు ఒప్పుకున్నారు, రెండోవారు తన అభ్యంతరం మినిట్స్‌లో రాయించారు. రాయించడం సరైనదే. అలా రాసి ఉంటేనే రేపు ఎవరైనా అడిగితే ఎందుకు ఎంచామో చెప్పగలం.

మూడో అమ్మాయిని తీసుకోవడానికి ఓపిక కావాలి, ఐదారేళ్ల చూపు కావాలి. రాయగడ, కోరాపుట్ లాంటి చోట్ల నేనైతే కళ్లు మూసుకుని ఈ దారే పడతాను. బయటి నుంచి వచ్చిన పీహెచ్‌డీలు అక్కడ బదిలీ కోసం ఎదురుచూస్తూ గడపడం చూశాం. కువి, దేశియా మాట్లాడే పల్లెల్లో మలేరియా మీదో సికిల్ సెల్ మీదో పని చేయాలంటే ఆ కొండలెక్కే మనిషి కావాలి. తెలుగు, ఒడియా, ఒక కొండ భాష వచ్చిన అమ్మాయి దొరికితే వదలకండి.

మహారాష్ట్ర వైపు సిరోంచ, రాజురా, దేగ్లూర్‌లలోని మనవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. అక్కడ తెలుగుతో పాటు మరాఠీ, సిరోంచ వైపు గోండీ, మాడియా కూడా కావాలి. గడ్చిరోలీ జిల్లా పల్లెల్లో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇంటి దగ్గరే నవజాత శిశువుల సంరక్షణ చేయించారు. ఆ ఫలితాలు 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. తర్వాత 2011 నుంచి ఆశా కార్యకర్తలతో దేశమంతటా నడిచిన ఇంటి దగ్గర శిశు సంరక్షణకి అదే ఆధారం. పెద్ద నగరంలో ల్యాబు ఉంటేనే పరిశోధన అనుకునే కమిటీ సభ్యులకి నేను ఈ సంగతి చెప్తుంటాను. మాకైతే పక్కనే ఉద్దానం ఉంది. కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద బతికే ఆ కుటుంబాలకి నీళ్లు, ఉప్పు, ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చెయ్యి ఎలా చూసుకోవాలో నేర్పడం పూర్తిగా నర్సుల పని, నర్సుల పరిశోధన. పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. మీ అభ్యర్థిని "ఉద్దానం మీద మీరైతే ఏ ప్రశ్న తీసుకుంటారు?" అని అడిగి చూడండి. రోగం పేరు చెప్పి ఆగేవాళ్లున్నారు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లే మనిషి బస్సు, కూలీ, తిండి దాకా వెళ్లేవాళ్లూ ఉన్నారు.

రిటైరైన ప్రొఫెసర్లని గౌరవ వేతనంపై పిలవడం గురించి చాలామంది అడుగుతారు. గైడ్‌గా మంచిదే, నెలకి రెండు రోజులు వచ్చినా లాభమే. ఖాళీ పోస్టుకి మాత్రం అది జవాబు కాదు.

ఇంటర్వ్యూ గదిలో ఒక్క విషయం

"పెళ్లెప్పుడు? పిల్లలెంతమంది? మీ ఆయనకి ఇక్కడ ఉద్యోగం దొరుకుతుందా?" ఈ ప్రశ్నలు అడగకండి. మగ అభ్యర్థిని అడగరు కదా. నా మొదటి ఇంటర్వ్యూలో నన్ను ఇవే అడిగారు, సబ్జెక్ట్ మీద ఒక్క ప్రశ్న అడగలేదు. అభ్యర్థి ఉంటుందా వెళ్లిపోతుందా అన్న టెన్షన్ మీకుంటే, ఉండడానికి మీరేం ఇస్తారో చెప్పండి. క్వార్టర్ ఉందా, రాత్రి ఆలస్యమైతే హాస్టల్ వ్యాన్ ఉందా, కాంట్రాక్టా రెగ్యులరా, జీతం ఏ తారీకున పడుతుంది, పరిశోధనకి మొదటి ఏడాది ఎంత డబ్బు కేటాయించారు. ఇవన్నీ ఒక పేజీలో రాసి ఇంటర్వ్యూకి ముందే ముగ్గురికీ ఇవ్వండి. దాన్ని చదివి అభ్యర్థి అడిగే ప్రశ్నలే సగం ఇంటర్వ్యూ. ఎథిక్స్ కమిటీ ఎన్ని నెలలకి ఒకసారి కూర్చుంటుంది అని అడిగిన మనిషిని నేను వెంటనే గుర్తుపెట్టుకుంటాను.

ఇక ఆర్డర్. రెండు పూటల సంగతి, ఏ రోజులన్నదీ సహా, అందులో ఉండాలి. సోమవారం, గురువారం మధ్యాహ్నాలు అని రాస్తే రోస్టర్ వేసే మనిషికి దాన్ని మింగేయడం కష్టమవుతుంది. ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో మహారాష్ట్ర నుంచో వచ్చే మనిషైతే పాత రాష్ట్ర కౌన్సిల్ ఎన్‌ఓసీ, దాని ఆధారంగా కొత్త రాష్ట్ర కౌన్సిల్ ఇచ్చే రెసిప్రోకల్ రిజిస్ట్రేషన్ పడాలి. దానికి సమయం పడుతుంది. ఎంపిక ఖరారైన రోజే దరఖాస్తు పెట్టించండి, ఫీజు కాలేజీయే కట్టండి. అది చేతికొచ్చేదాకా ఆమెకి క్లాసులు, లైబ్రరీ, ఎథిక్స్ కమిటీకి పెట్టాల్సిన ప్రపోజల్ రాసుకునే పని ఇవ్వండి. వార్డు పోస్టింగ్ రిజిస్ట్రేషన్ వచ్చాకే.